సంతకం ముందా, సంతకం తర్వాతా?

2025 జూన్‌లో జేపీ మోర్గాన్ చేజ్ తన ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ విభాగంలో కొత్తగా చేరబోయే కుర్రకారుకు ఒక మెయిల్ పంపింది. మా దగ్గర చేరకముందే గానీ, చేరిన 18 నెలల్లోపు గానీ ఇంకో సంస్థ ఉద్యోగానికి ఒప్పుకున్నారని తెలిస్తే ఇంటికి పంపేస్తాం అన్నది దాని సారాంశం. ఇంకా కుర్చీలో కూర్చోని పిల్లల్ని, ఆ తర్వాతి ఉద్యోగం గురించి ఇప్పుడే బెదిరించడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. బ్యాంకు బాధ దానిది. న్యూయార్క్‌లోని ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు (మదుపుదార్ల సొమ్ముతో ఫండ్లు పెట్టి, కంపెనీల్లో వాటాలు కొని, కొన్నేళ్లకు అమ్మేవి) కొన్నేళ్లుగా నియామకాల్ని ముందుకు జరుపుకుంటూ వచ్చాయి. చివరికి, బ్యాంకులో ట్రైనింగ్ కూడా పూర్తికాని వాళ్లను పిలిచి ఇంటర్వ్యూలు చేసి, రెండేళ్ల తర్వాత వచ్చి చేరండంటూ ఆఫర్ చేతిలో పెట్టేదాకా వ్యవహారం వెళ్లింది. పని నేర్పే ఖర్చు బ్యాంకుది, నేర్చుకున్న మనిషి మాత్రం వీళ్లకు! మెయిల్ సంగతి బయటికొచ్చిన కొద్దిరోజులకే అపోలో గ్లోబల్ మేనేజ్‌మెంట్ 2027లో చేరాల్సిన బ్యాచ్‌కు ఆ ఏడాది ఇంటర్వ్యూలు పెట్టబోమని ప్రకటించింది. జనరల్ అట్లాంటిక్ కూడా అదే బాట పట్టింది.

ఇంతగా కొట్టుకోవడానికి ఈ రెండు ఉద్యోగాల్లో ఏముంది? ఫైనాన్స్ వైపు చూస్తున్న సీఏ, ఎంబీఏ విద్యార్థుల్లో చాలామందికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింట్లోనూ సూటు, ఎక్సెల్ షీటు, భారీ జీతం, నిద్రలేని రాత్రులు. తేడా తెలియాలంటే వాల్ స్ట్రీట్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది.

పి.వి.ఎన్. రాజు 1978లో మొదలుపెట్టిన గ్లాండ్ ఫార్మా ఇంజక్షన్ మందులు తయారుచేసే కంపెనీ. 2013 చివర్లో అమెరికా ప్రైవేట్ ఈక్విటీ సంస్థ కేకేఆర్ దీంట్లో దాదాపు 20 కోట్ల డాలర్లు పెట్టడానికి ఒప్పందం చేసుకుంది. అంతకుముందే ఉన్న ఒక ఫండ్ వాటాను కొనుక్కోవడం కూడా అందులో భాగం. 2016లో చైనా నుంచి ఫోసన్ ఫార్మా వచ్చి, 86 శాతం వాటా ఇస్తే దాదాపు 126 కోట్ల డాలర్లు ఇస్తామంది. ఢిల్లీలో ఫైలు కదల్లేదు. అప్పటికే నడుస్తున్న మందుల కంపెనీలో విదేశీ పెట్టుబడి 74 శాతం దాటితే ప్రభుత్వ అనుమతి కావాలి మరి. నెలల తరబడి చూసి, 2017లో వాటాను సరిగ్గా 74 శాతానికి కుదించి, దాదాపు 109 కోట్ల డాలర్లకు బేరం ముగించారు. కేకేఆర్ తన వాటా అమ్ముకుని బయటపడింది. 2020 నవంబరులో గ్లాండ్ పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. షేరు ధర 1,500 రూపాయలు, ఇష్యూ మొత్తం దాదాపు 6,480 కోట్లు. మన దేశంలో అప్పటిదాకా ఏ మందుల కంపెనీ అంత పెద్ద ఇష్యూకు రాలేదు. సిటీ, కోటక్ మహీంద్రా క్యాపిటల్, నోమురా, హైటాంగ్ దాన్ని నడిపించాయి.

ఈ కథలో ఇష్యూ నడిపించిన నాలుగూ బ్యాంకర్లు. అవి తమ డబ్బు పెట్టలేదు. కంపెనీకి ధర ఎంత పలుకుతుందో లెక్కగట్టి, పత్రాలు తయారుచేసి, సెబీ అడిగిన ప్రశ్నలకు జవాబులిచ్చి, కొనేవాళ్లను పోగుచేసి, ఫీజు తీసుకున్నాయి. 86 శాతం పడకపోతే 74కి దిగుదాం అనే తరహా మార్గాలు వెతకడం బ్యాంకర్లు, లాయర్లు కలిసి చేసే పని. షేర్లు లిస్టయిన రోజుతో ఆ ఫైలు దాదాపు మూసేసినట్టే. సోమవారం ఇంకో కంపెనీ, ఇంకో ఫైలు. కేకేఆర్ పరిస్థితి వేరు. డబ్బు పెట్టిన రోజున దాని పని మొదలైంది. ఆ తర్వాత నాలుగేళ్లు కంపెనీ బాగుంటేనే తనకు లాభం.

బ్యాంకులో మొదటి ఏడాది అనలిస్టు రోజు ఎలా గడుస్తుందో దగ్గర్నుంచి చూస్తే గ్లామర్ చప్పున దిగిపోతుంది. పొద్దున పది, పదకొండుకు నెమ్మదిగా మొదలవుతుంది. పైవాళ్లు మీటింగుల నుంచి తిరిగొచ్చే సాయంత్రానికి అసలు పని వచ్చి పడుతుంది. పిచ్ బుక్ అంటే క్లయింటుకు చూపించే యాభై, అరవై స్లైడ్ల పత్రం. అందులో పోటీ కంపెనీలు ఏ ధరకు అమ్ముడుపోయాయో చూపే పట్టిక, విలువ కట్టే మోడల్, కొనగలిగే వాళ్ల జాబితా ఉంటాయి. రాత్రి పదకొండుకు వైస్ ప్రెసిడెంట్ ఎర్ర సిరాతో దిద్దిన కాపీ, 'ప్లీజ్ ఫిక్స్' అన్న రెండు ముక్కల మెయిల్‌తో వెనక్కి వస్తుంది. 14వ స్లైడులో లోగో కాస్త ఎడమకు జరిగింది. 22వ స్లైడు ఫుట్‌నోట్‌లో ఏడాది తప్పు పడింది. పట్టికలో మొత్తం కిందటి పేజీలోని అంకెతో పొసగడం లేదు. పబ్లిక్ ఇష్యూ అయితే ఇంకా నరకం. ముసాయిదా పత్రంలోని ప్రతి అంకెకూ, ప్రతి 'దేశంలోనే పెద్దది' అన్న మాటకూ ఆధార పత్రం చూపించాలి. వందల పేజీలు ఇలా ఒక్కో లైనూ సరిచూసిన మనిషికి బ్యాలెన్స్ షీటు చదవడం జీవితంలో మర్చిపోలేనంతగా ఒంటబడుతుంది. ప్రైవేట్ ఈక్విటీ వాళ్లు ఎగబడేది ఆ తర్ఫీదు కోసమే.

ఆ తర్ఫీదు ఖరీదు ఏమిటో 2021లో బయటపడింది. గోల్డ్‌మన్ శాక్స్‌లో మొదటి ఏడాది అనలిస్టులు 13 మంది తమలో తామే సర్వే చేసుకుని, దాన్ని బ్యాంకు పిచ్ బుక్ నమూనాలోనే స్లైడ్లుగా తయారుచేసి పైవాళ్లకు ఇచ్చారు. వారానికి సగటున 95 గంటల పని, రాత్రికి 5 గంటల నిద్ర. వాళ్లు అడిగింది వారానికి 80 గంటలకు మించొద్దని. ఫిర్యాదు కూడా చార్టులతో చేయడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. యాజమాన్యం శుక్రవారం రాత్రి 9 నుంచి ఆదివారం పొద్దున 9 దాకా పని చెప్పకూడదన్న పాత నియమాన్ని గట్టిగా అమలు చేస్తామంది. అదే ఏడాది మొదటి ఏడాది అనలిస్టు మూలవేతనాన్ని 85 వేల డాలర్ల నుంచి లక్షా 10 వేల డాలర్లకు పెంచింది. జీతం పెంచినంత తేలిగ్గా నిద్ర పెంచడం ఏ బ్యాంకుకూ చేతకాలేదు. జేపీ మోర్గాన్ 80 గంటల పరిమితి ప్రకటించడానికి 2024 దాకా పట్టింది.

ప్రైవేట్ ఈక్విటీలో గంటలు కొంత తగ్గుతాయి. తగ్గిన గంటల చోట ఇంకో రకం బరువు వచ్చి కూర్చుంటుంది. ఇంజక్షన్ల కంపెనీలో 500 కోట్లు పెట్టాలా వద్దా అని చూస్తున్న ఫండ్‌ను ఊహించుకోండి. అందులోని అసోసియేట్ ఎక్సెల్ ముందు ఎంతసేపు కూర్చుంటాడో, ఫ్యాక్టరీ కాగితాల ముందు అంతకు రెట్టింపు కూర్చుంటాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినప్పుడు ఫారం 483లో ఏ లోపాలు రాసింది? శుభ్రమైన గదిలో గాలి నమూనాల రికార్డులు సరిగా ఉన్నాయా? మొత్తం అమ్మకాల్లో మొదటి ఐదుగురు కొనుగోలుదార్ల వాటా ఎంత? వాళ్లలో ఒకడు జారిపోతే ఏమవుతుంది? ప్లాంటు మేనేజర్ మాట్లాడుతుంటే ఎండీ ఎందుకు మధ్యలో అడ్డుపడుతున్నాడు? ఇవన్నీ రాసుకొచ్చి ఇన్వెస్ట్‌మెంట్ కమిటీ ముందు కూర్చోవాలి. చూసిన వంద కంపెనీల్లో ఒకట్రెండింట్లో డబ్బు పెడితే గొప్ప. వద్దని చెప్పడమే ఎక్కువ రోజుల పని. రెండేళ్లు పనిచేసి ఒక్క డీల్ కూడా పూర్తిచేయని అసోసియేట్లు ఉంటారు. బ్యాంకులో పరుగులు పెట్టిన మనిషికి ఆ నిదానం మొదట్లో మింగుడుపడదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే చాలామంది మనసు లాగేది అదే. ఒక కంపెనీ ఖరీదు 100 కోట్లు అనుకుందాం. ఫండ్ తన దగ్గర్నుంచి 40 కోట్లు పెట్టి, మిగిలిన 60 కోట్లు ఆ కంపెనీ పేరు మీదే అప్పు తెస్తుంది. ఐదేళ్లలో కంపెనీ సంపాదనతో 30 కోట్ల అప్పు తీరింది. కంపెనీని 130 కోట్లకు అమ్మారు. మిగిలిన అప్పు 30 పోను ఫండ్ చేతికి 100 కోట్లు. కంపెనీ విలువ పెరిగింది 30 శాతమే, ఫండ్ సొమ్ము మాత్రం రెండున్నర రెట్లయింది. ఇప్పుడు రెండో వైపు. వ్యాపారం దెబ్బతిని అప్పు 10 కోట్లే తీరింది, కంపెనీ 70 కోట్లకే పోయింది. అప్పు 50 కోట్లు కట్టాక మిగిలింది 20. పెట్టిన దాంట్లో సగం గల్లంతు.

ఫండ్‌లో డబ్బు పెట్టేవాళ్లు పెన్షన్ సంస్థలు, బీమా కంపెనీలు, యూనివర్సిటీల నిధులు, సంపన్న కుటుంబాలు. సాధారణంగా ఏటా 2 శాతం నిర్వహణ ఫీజు కడతారు. అసలు, దానిమీద 8 శాతం దాకా రాబడి వాళ్లకు ముట్టాక, లాభంలో 20 శాతం ఫండ్ నడిపేవాళ్లకు. దీన్నే క్యారీ అంటారు. కుబేరుల్ని తయారుచేసేది ఇదే. కానీ కొత్తగా చేరిన అసోసియేట్‌కు క్యారీ చాలాచోట్ల ఉండదు. ఉన్నా, ఏళ్ల మీద కొంచెం కొంచెంగా హక్కు వస్తుంది. మధ్యలో మానేస్తే మిగతాది వదులుకోవాల్సిందే. కంపెనీలు అమ్ముడుపోనిదే అది కాగితం మీది అంకె. అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 2022 మార్చిలో సున్నాకు దగ్గర్లో ఉండేది, 2023 జులైకి 5.25–5.50 శాతానికి చేరింది. అప్పులు ప్రియమయ్యాయి, అమ్మకాలు మందగించాయి, ఆ కాగితాలు డబ్బుగా మారడం ఆలస్యమైంది. ఓపిక ఉన్నవాళ్లకు ఫలం ఉందనుకోండి. బ్లాక్‌స్టోన్ 2007లో 2,600 కోట్ల డాలర్లకు హిల్టన్ హోటళ్లను కొన్న మరుసటేడే ఆర్థిక సంక్షోభం వచ్చి పడింది. 2018లో పూర్తిగా బయటపడేసరికి లాభం దాదాపు 1,400 కోట్ల డాలర్లు. పట్టిన కాలం 11 ఏళ్లు. బ్యాంకరు బోనస్ అలా కాదు, ఆ ఏటిది ఆ ఏడే చేతికొస్తుంది.

అప్పు కథలన్నీ హిల్టన్‌లా ముగియవు. అమెరికాలో బొమ్మల దుకాణాల గొలుసు టాయ్స్ ఆర్ అస్‌ను 2005లో కేకేఆర్, బెయిన్ క్యాపిటల్, వోర్నాడో కలిసి 660 కోట్ల డాలర్లకు కొన్నాయి. అందులో ఎక్కువ భాగం అప్పే. కంపెనీ సంపాదన వడ్డీలకు పోతుంటే, మరోవైపు అమెజాన్, వాల్‌మార్ట్ తరుముకొచ్చాయి. 2017లో దివాలా, 2018లో అమెరికా దుకాణాలన్నీ మూత, 30 వేల పైచిలుకు ఉద్యోగాలు హుళక్కి. పని పోయినవాళ్లు రోడ్డెక్కాక కేకేఆర్, బెయిన్ కలిసి 2 కోట్ల డాలర్ల సహాయ నిధి ఏర్పాటు చేశాయి. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు సక్సెస్ కథలతో పాటు దీన్నీ చదవాలి. షీటులో ఒక గడిలో 'ఖర్చు తగ్గింపు' అని టైప్ చేస్తే, ఎక్కడో ఒక ఊళ్లో ఎవరో ఒకరి జీతం ఆగిపోతుంది. సలహా ఇచ్చి ఫీజు పుచ్చుకున్న బ్యాంకరు అప్పటికి వేరే ఫైలులో ఉంటాడు. యజమాని స్థానంలో ఉన్నవాడికి ఆ సదుపాయం లేదు.

మన దేశంలో ఈ ఆట కొంచెం వేరుగా నడుస్తుంది. కంపెనీల షేర్లు కొనడానికి బ్యాంకులు అప్పులివ్వడంపై రిజర్వ్ బ్యాంకు దశాబ్దాల పాటు కట్టడి పెట్టింది. 2025 అక్టోబరులోనే దాన్ని సడలించే ప్రతిపాదన తెచ్చింది. అందుకే ఇక్కడి ఫండ్లు అమెరికా తరహాలో అప్పుతో కొనడం కంటే, ఎదుగుతున్న కుటుంబ కంపెనీల్లో కొంత వాటా తీసుకోవడమే ఎక్కువ. పగ్గాలు ప్రమోటర్ చేతిలోనే ఉంటాయి. అలాంటప్పుడు పాతికేళ్ల కుర్రాడి మోడల్ ఎంత అందంగా ఉన్నా, వ్యవస్థాపకుడి మనసు గెలవకపోతే పని జరగదు. ఆయన కొడుకుతో, ఆయన ఆడిటర్‌తో, ముప్పై ఏళ్లుగా ఆయన్నే నమ్ముకున్న అకౌంటెంటుతో మాట్లాడటం రావాలి. హైదరాబాద్, విశాఖల మందుల కంపెనీల్లో, ఆసుపత్రుల్లో ఆ సంభాషణ తెలుగులో జరిగితే తలుపులు కాస్త తొందరగా తెరుచుకుంటాయని వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఆసుపత్రి ఎన్ని చేతులు మారిందో చూడండి. అబ్దుల్ కలాంతో కలిసి చవక స్టెంటు తయారుచేసిన డాక్టర్ సోమరాజు, సహచరులు 1997లో హైదరాబాద్‌లో కేర్ హాస్పిటల్స్ ప్రారంభించారు. 2012లో ప్రైవేట్ ఈక్విటీ సంస్థ అడ్వెంట్ ఇంటర్నేషనల్ దాన్ని తీసుకుంది. 2016లో దుబాయ్‌కి చెందిన అబ్రాజ్ చేతికి వెళ్లింది. ఆరోగ్యరంగం కోసం అబ్రాజ్ సేకరించిన వంద కోట్ల డాలర్ల ఫండ్‌లో డబ్బు దారి మళ్లిందని గేట్స్ ఫౌండేషన్‌తో సహా మదుపుదార్లు నిలదీశారు. 2018లో అబ్రాజ్ కుప్పకూలింది. కేర్ ఉన్న ఆ ఫండ్ టీపీజీ అనే మరో ప్రైవేట్ ఈక్విటీ సంస్థ చేతికి వెళ్లి ఎవర్‌కేర్‌గా పేరు మారింది. 2023లో కేర్‌ను బ్లాక్‌స్టోన్ కొంది. 2024 నవంబరులో ఆస్టర్ డీఎం ఆసుపత్రుల సంస్థతో విలీనం ప్రకటించారు. ఇలాంటి ప్రతి అమ్మకంలోనూ బ్యాంకర్లకు పని దొరుకుతుంది. కొన్న సంస్థల్లో ఒకటి మాత్రం ఏకంగా అడ్రసు లేకుండా పోయింది. దాంట్లో పనిచేసిన జూనియర్లకు క్యారీ సంగతి అటుంచి, రెజ్యూమెలో ఆ పేరు ఉండటమే తలనొప్పి.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? నిజానికి డిగ్రీ చేతికొచ్చిన రోజున మనవాళ్లలో ఎక్కువమందికి రెండు తలుపులు తెరిచి ఉండవు. ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ల భారతీయ బృందాలు చిన్నవి, చాలావాటిలో పదుల మందే ఉంటారు. ఫ్రెషర్లను తీసుకునేవి అరుదు. బ్యాంకులో గానీ, పెద్ద ఆడిట్ సంస్థల డ్యూ డిలిజెన్స్ (కొనేముందు కంపెనీని తనిఖీ చేసే) విభాగాల్లో గానీ, కన్సల్టింగ్‌లో గానీ రెండు మూడేళ్లు చేసినవాళ్లకే పిలుపు వస్తుంది. కాబట్టి ముందు బ్యాంకింగ్ అన్నదే చాలామందికి సరైన దారి. నేరుగా ఫండ్‌లో ఆఫర్ వచ్చిన అదృష్టవంతుడు కూడా ఒకటి ఆలోచించాలి. పది లావాదేవీల పత్రాలు చేతులారా రాయనివాడికి, అవతలివాడు రాసిన పత్రంలో దాచిందేమిటో పట్టుకోవడం కష్టం.

తొందరేమీ లేదని ఈ రంగం చరిత్రే చెబుతోంది. 1976లో బేర్ స్టెర్న్స్ బ్యాంకు వదిలి కేకేఆర్ పెట్టినప్పుడు హెన్రీ క్రావిస్ వయసు 32, జెరోమ్ కోల్‌బర్గ్ యాభై దాటారు. లేమన్ బ్రదర్స్ నుంచి వచ్చి 1985లో పీట్ పీటర్సన్‌తో కలిసి బ్లాక్‌స్టోన్ ప్రారంభించేనాటికి స్టీఫెన్ ష్వార్జ్‌మన్‌కు 38 ఏళ్లు. 22 ఏళ్లకే సీటు రిజర్వ్ చేసుకోకపోతే బస్సు వెళ్లిపోతుందన్న కంగారు నియామక ఏజెన్సీలు పుట్టించింది.

బ్యాంకులోనే ఉండిపోవడం ఓడిపోవడం కాదని కూడా గట్టిగా చెప్పాలి. పది మందితో కలవడం, ఫోన్ ఎత్తగానే ప్రమోటర్ పలకడం, ఇద్దరు మొండివాళ్లను ఒక అంకె దగ్గరికి తీసుకురావడం ఇష్టమైతే, ముప్పై అయిదు దాటాక బ్యాంకరు ఉద్యోగం ఫండ్ ఉద్యోగం కంటే సరదాగా ఉంటుంది. ఒకే కంపెనీ అమ్మకాల నివేదిక నెలనెలా చదువుతూ, సీఎఫ్‌ఓను మార్చాలా వద్దా అని ఆరు నెలలు తర్జనభర్జన పడటంలో రుచి కనిపించినవాళ్లు అటు వెళ్లాలి. రెండేళ్లు బ్యాంకులో చేస్తే తను ఏ రకమో ఎవరికి వాళ్లకే తెలుస్తుంది. తెలిసేదాకా స్నేహితుల ఆఫర్లు చూసి మారకపోవడం మంచిది.

హైదరాబాద్ కుర్రకారుకు మరో జాగ్రత్త కావాలి. ఈ నగరంలో గోల్డ్‌మన్ శాక్స్, జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో లాంటి సంస్థలకు పెద్ద ఆఫీసులున్నాయి. అక్కడి ఉద్యోగాల్లో ఎక్కువ శాతం టెక్నాలజీ, రిస్క్, అకౌంటింగ్, ట్రేడ్ సెటిల్‌మెంట్, కేవైసీ పనులు. గౌరవమైన ఉద్యోగాలే, జీతాలూ బాగుంటాయి. కానీ అవి ఈ వ్యాసంలో చెప్పిన డీల్ చేసే బ్యాంకింగ్ కాదు. 'ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఆపరేషన్స్' కోర్సు చేస్తే రెండేళ్లలో ప్రైవేట్ ఈక్విటీలోకి దూకొచ్చని ఎవరైనా అంటే, ఫీజు కట్టకముందు రెండు ప్రశ్నలు వేయండి. ఆ ఉద్యోగంలో కంపెనీ విలువ కట్టే మోడల్ నా చేత చేయిస్తారా? క్లయింటు ఎవరు, నిరుడు ఆ బృందం పూర్తిచేసిన డీల్ ఏది? జవాబు నసిగితే లేచి వచ్చేయొచ్చు. ఫండ్‌లో ఇంటర్వ్యూకు వెళ్తే అడగాల్సినవి వేరు: ఈ ఫండ్ ఏ ఏడాది మొదలైంది, ఇప్పటిదాకా మదుపుదార్లకు నగదుగా తిరిగి ఇచ్చిందెంత, అసోసియేట్లు రెండేళ్ల తర్వాత ఎక్కడికి వెళ్లారు?

ఇక సంస్థ అసలుదో కాదో తేల్చుకోవడం తేలికే. పబ్లిక్ ఇష్యూలు నడిపే మర్చంట్ బ్యాంకర్లు 1992 నాటి సెబీ నిబంధనల కింద, ఇక్కడి ప్రైవేట్ ఈక్విటీ ఫండ్లు 2012 నాటి ఏఐఎఫ్ (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్) నిబంధనల కింద రిజిస్టర్ కావాలి. ఆ రెండు జాబితాలూ సెబీ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూడటానికి పైసా ఖర్చు లేదు.